మార్చేసిన కారా, మార్చుకునే కారా: ఏది మేలు?

మా మేనల్లుడు హన్మకొండలో ఉద్యోగం చేస్తూ మూడేళ్లుగా డబ్బు కూడబెట్టి, సెకండ్‌హ్యాండ్ కారు కొందామని ఈ వేసవి మొదట్లో రెండు కార్ల ఫొటోలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. రెండూ 2017 నాటి ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్‌ఐలే, రెండూ ఎరుపు రంగువే. మొదటిది హన్మకొండలోనే ఒక రిటైర్డు లెక్చరర్ గారి దగ్గర ఉంది. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో ఈరోజుకూ అలాగే ఉంది. రెండోది హైదరాబాద్‌లో ఉంది. బలం పెరగాలని దాని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్)లోని మ్యాప్ అనే ప్రోగ్రామ్‌ను తిరగరాయించి, అంటే రీమ్యాప్ చేయించి, పెద్ద డౌన్‌పైప్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టం), వేరే ఎయిర్ ఇంటేక్ (గాలిని లోపలికి పీల్చే భాగం), బండిని కిందికి దించే స్ప్రింగులు, 17 అంగుళాల అల్లాయ్‌లు బిగించారు. మొదటిదానికి 5 లక్షల 90 వేలు, రెండోదానికి 6 లక్షల 60 వేలు అడుగుతున్నారు. "మామా, డెబ్బై వేలు ఎక్కువ పెడితే రెండు లక్షల సామాను వస్తున్నది. ఇగ ఆలోచించుడెందుకు?" అన్నాడు.

వాడి లెక్కలో తప్పు లేదు. కారుకు బయట వేయించిన సామాను విలువ బిగించిన రోజు నుంచే వేగంగా పడిపోతుంది, అమ్మే రోజున పెట్టిన ఖర్చులో కొద్ది భాగమే తిరిగి వస్తుంది. అదే పని మనం మొదటి నుంచి చేయించుకుంటే రీమ్యాప్‌కు, డౌన్‌పైప్‌కు, స్ప్రింగులకు, చక్రాలకు విడివిడిగా చెల్లించడమే కాక, ఆ పని తెలిసిన చేతి కోసం వరంగల్ నుంచి హైదరాబాద్‌కు పోనూ రానూ దాదాపు 300 కిలోమీటర్లు నాలుగైదు సార్లు తిరగాలి. డబ్బు ఒక్కటే కొలత అయితే మార్చేసిన బండే మేలని నేను వాడితో మొదటే ఒప్పుకున్నాను. అయితే ఆ డెబ్బై వేలతో సామానుతో పాటు దాన్ని బిగించిన మెకానిక్ పనితనం, నడిపిన మనిషి అలవాట్లు కూడా మన ఇంటికి వస్తాయి, వాటికి మాత్రం బిల్లు ఉండదు.

ఈ మాట నేను ఊహించి చెప్పడం లేదు. 2019లో నేను మార్పులు చేసిన అబార్త్ పుంటో కొన్నాను. ఫియట్ 2015లో మన దేశంలో విడుదల చేసిన ఆ కారులో 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ 145 హార్స్‌పవర్ ఇచ్చేది; ఆ ధరలో అంత బలమున్న చిన్న కారు అప్పట్లో మరొకటి లేదు. పాత యజమాని దాని ఎయిర్ ఫిల్టర్‌ను అసలు చోటు నుంచి తీసేసి, చల్లటి గాలి బాగా దొరుకుతుందని ముందు బంపర్ లోపల, నేలకు జానెడున్నర ఎత్తులో పెట్టించాడు. కొనే రోజున అది నాకు గొప్పగానే కనిపించింది. 2020 ఆగస్టులో వరంగల్, హన్మకొండ కాలనీలు నీట మునిగిన వారంలో, నయీంనగర్ దగ్గర మోకాలి లోతు కూడా లేని నీటిలో నా ముందు ఒక పాత ఆల్టో నెమ్మదిగా దాటిపోయింది, దాని వెనకే దిగిన నా బండి ఒక్కసారి దగ్గినట్టు కదిలి ఆగిపోయింది. గాలిని కుదించినట్టు నీటిని పిస్టన్ కుదించలేదు. సిలిండర్‌లోకి నీరు చేరినప్పుడు ఆ బలమంతా పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ మీద పడుతుంది, అది వంగిపోతుంది. నా బండిలో రెండు రాడ్లు వంగాయి. ఇంజిన్‌కు ప్రత్యేక కవర్ తీసుకున్నప్పటికీ, ఇంటేక్ మార్చిన సంగతి ముందుగా తెలియజేయలేదన్న కారణంతో బీమా సంస్థ క్లెయిమ్ తిరస్కరించింది. ఫియట్ అప్పటికే ఇక్కడ కార్లు అమ్మడం మానేసినందువల్ల విడిభాగాల కోసం ఐదు నెలలు ఎదురుచూశాను. పాత యజమాని చేసిన మార్పుకు నేను కట్టిన మూల్యం అది, ఆయన నాకు అబద్ధం ఏమీ చెప్పలేదు కూడా.

అందుకే మేనల్లుడిని తీసుకుని హైదరాబాద్ వెళ్లి ఆ రెండో బండిని దగ్గరగా చూశాను. పైనుంచి చూస్తే కడిగిన ముత్యంలా ఉంది. బానెట్ ఎత్తి, టర్బో నుంచి వచ్చే గొట్టాన్ని చేత్తో తడిమితే అతుకు దగ్గర చమురు తడి వేలికి అంటింది; కంపెనీ క్లిప్ ఉండాల్సిన చోట మామూలు హోస్ క్లాంప్ ఉంది, దాన్ని మరీ బిగించడం వల్ల రబ్బరులో గాడి పడింది. అక్కడ గాలి కొంచెం లీక్ అయినా టర్బో అవసరానికి మించి తిరుగుతూ ఉంటుంది, నడిపేవాడికి ఆ తేడా కాళ్ల కింద తెలియదు. యజమాని అనుమతితో ఒక స్పార్క్ ప్లగ్ విప్పించాను. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో ప్లగ్ కొన దగ్గరి పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటుంది. ఇది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండి, ఒక పక్కన ఆవగింజలో సగమంత బుడిపెలు లేచి ఉన్నాయి. ఆ సిలిండర్‌లో వేడి హద్దు దాటుతోందని, అంటే ఇంధనం చాలకపోవడమో ఇగ్నిషన్ టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) అతిగా ముందుకు జరగడమో జరుగుతోందని దానికి అర్థం. చివరగా ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే పరికరం) పెడితే తప్పుల కోడ్ ఒక్కటీ కనిపించలేదు, కానీ ఉద్గారాలకు సంబంధించిన స్వీయ పరీక్షల్లో మూడు ఇంకా పూర్తి కాలేదని చూపించింది. కోడ్‌లను ఈ మధ్యనే తుడిచేసిన బండిలో, లేదా బ్యాటరీ విప్పి పెట్టిన బండిలో అలా ఉంటుంది. అడిగితే యజమాని బ్యాటరీ మార్చామన్నాడు. నిజమే కావచ్చు, బ్యాటరీ మీది తారీఖు మాత్రం రెండేళ్ల కిందటిది.

గేరుబాక్స్ సంగతి ఇంకా ముఖ్యమైనది. పోలో జీటీ టీఎస్‌ఐలో ఉండేది ఏడు గేర్ల, పొడి (నూనెలో తడవని) క్లచ్‌లు రెండున్న డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేరుబాక్స్, దాన్ని 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) వరకే తట్టుకునేలా తయారు చేశారు. కంపెనీ ఇచ్చిన ఇంజిన్ 105 హార్స్‌పవర్‌తో 175 న్యూటన్ మీటర్లు ఇస్తుంది కాబట్టి మధ్యలో మంచి వెసులుబాటు ఉంటుంది. రీమ్యాప్ చేసినవారు సాధారణంగా ఆ టార్క్‌ను 200 దాటిస్తారు, డౌన్‌పైప్ కూడా తోడైతే ఇంకా పైకి తీసుకెళ్తారు, అంటే ఆ వెసులుబాటులో ఎక్కువ భాగాన్ని తినేస్తారు. నెమ్మదిగా నడిపితే గేరుబాక్స్ దాన్ని భరిస్తుంది. బ్రేకు మీద కాలు పెట్టి ఇంజిన్ రేజ్ చేసి ఒక్కసారిగా వదిలే అలవాటున్న చేతిలో పడితే క్లచ్ ప్లేట్లు త్వరగా అరుగుతాయి. మేము చూసిన బండి కూడలి దగ్గర మొదటి గేరులో కదిలేటప్పుడు సన్నగా వణికింది. ఈ గేరుబాక్స్ క్లచ్ మార్పిడి ఖర్చు అడిగి తెలుసుకుంటే, మా వాడి డెబ్బై వేల లెక్క అక్కడే తలకిందులైంది.

చట్టం విషయంలో రెండు దారులూ ఒకే చోటికి చేరతాయి, ఇది చాలామంది పట్టించుకోని సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి చేర్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. మార్చేసిన బండి కొన్నవాడికి ఆ మార్పుల తలనొప్పి మొదటి రోజు నుంచే మొదలవుతుంది. డౌన్‌పైప్ కోసం క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే భాగం) తీసేసిన బండి కాలుష్య పరీక్షలో నిలబడటం కష్టం, శబ్దమూ పెరుగుతుంది. మామూలు బండి కొన్నవాడికి కనీసం ఎక్కడ ఆగాలో నిర్ణయించుకునే అవకాశం ఉంటుంది. అదే కొలతలో మేలురకం టైర్లు, మంచి బ్రేక్ ప్యాడ్‌లు, కొత్త బ్రేక్ ఆయిల్ వేయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, నిజానికి రోడ్డు మీద ఎక్కువ తేడా చూపించేవి కూడా అవే. ఏ మార్పు చేసినా బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయాలి. వేరే రాష్ట్రం బండి చవకగా దొరికిందని కొనేవారు ఎన్‌వోసీ (పాత రాష్ట్రపు రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం)తో పాటు ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్‌ను ధరలో ముందే కలుపుకోవాలి, లేకపోతే చవక అన్న మాటే మిగలదు.

మన ప్రాంతపు ఎండ, దారులు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఎంత వేడెక్కితే నాకింగ్ (ఇంధనం వేళ తప్పి తనంతట తానే అంటుకోవడం) భయం అంత పెరుగుతుంది, దాన్ని తప్పించుకోవడానికి ఈసీయూ ఇగ్నిషన్‌ను వెనక్కి జరుపుతుంది. బెంగళూరు వాతావరణంలో రాసిన మ్యాప్ అక్కడ ఇచ్చిన బలాన్ని కరీంనగర్ మధ్యాహ్నంలో ఇవ్వలేదు. బలం తగ్గకుండా చూడాలని ఆ రక్షణను కూడా సడలించి రాస్తే ఇంజిన్‌కే ముప్పు. మార్చేసిన బండిలో ఆ మ్యాప్ ఎవరు, ఏ పెట్రోలుకు, ఏ ఎండకు రాశారో అమ్మేవాడికే తెలియదు. ఇక దించిన స్ప్రింగుల విషయం చెప్పనక్కర్లేదు. 163వ జాతీయ రహదారి మీద హైదరాబాద్ దాకా హాయిగా వెళ్లవచ్చు గానీ, పరకాల దారిలోనో నర్సంపేట దారిలోనో ఊరికి రెండు చొప్పున ఎదురయ్యే స్పీడ్ బ్రేకర్ల మీద ఇంజిన్ అడుగు గీరుకుంటుంది.

ఇన్ని చెప్పినా, మార్చేసిన బండిని కొననే కూడదని నేను అనను. నాకు తెలిసిన ఒక మిత్రుడు కొన్న, అప్పటికే మార్పులు చేసిన స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ కారు ఇందుకు ఉదాహరణ. దానితో పాటు ప్రతి పనికీ తారీఖుతో కూడిన బిల్లు, విప్పిన అసలు భాగాలు మూడు అట్టపెట్టెల్లో, కంపెనీ మ్యాప్ ఉన్న ఫైలు, 7,500 కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మార్చినట్టు రాసుకున్న నోట్‌బుక్ వచ్చాయి. దాని యజమాని బలం పెంచక ముందే బ్రేకులు, టైర్లు మార్చాడు. ఆ వరుస చూస్తేనే మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది, ముందు శబ్దం కోసం సైలెన్సర్ మార్చి, బ్రేకులు అలాగే వదిలేసినవాడి బండి మీద నాకు నమ్మకం కుదరదు. అసలు భాగాలు చేతిలో ఉంటే రేపు బండిని చట్టప్రకారం ఉండాల్సిన రూపానికి తెచ్చుకోవచ్చు. అలాంటి బండి దొరికినప్పుడు మామూలు బండి కంటే అదే మేలు. పదింటిలో ఒకటి అలాంటిది దొరికినా అదృష్టమే.

మామూలు బండి అన్న ప్రతిదీ మామూలుదే అనుకోవడం కూడా పొరపాటు. అమ్మే ముందు రీమ్యాప్ తీసేసి, పాత స్ప్రింగులు బిగించి తెచ్చేవారు ఉన్నారు. సస్పెన్షన్ బోల్టుల మీద స్పానర్ జారిన గీతలు, ఎయిర్ బాక్స్ దగ్గర వాడకుండా మిగిలిన రంధ్రాలు, సర్వీసు చరిత్రలో ఏడాదిన్నర ఖాళీ కనిపిస్తే ఆగి అడగాలి. లెక్చరర్ గారి బండిలో మాకు అవేవీ కనిపించలేదు. 61 వేల కిలోమీటర్లు తిరిగింది, ప్రతి సర్వీసూ ఒకే చోట జరిగింది. ముందు టైర్లు అరిగిపోయాయి, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ కావడంతో ఇంటేక్ వాల్వ్‌ల మీద మసి పేరుకుని ఉంది. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే వెళ్లడం వల్ల ఆ వాల్వ్‌లను కడిగేది ఏదీ ఉండదు. ఆ రెండు కారణాలూ చూపించి ధర 5 లక్షల 65 వేలకు తగ్గించుకున్నాం.

బండి హన్మకొండ రిజిస్ట్రేషన్ పరిధిలోనే ఉండటంతో పేరు మార్పిడికి 29, 30 ఫారాలు సరిపోయాయి. మిగిలిన డబ్బులో మొదట నాలుగు టైర్లు, తర్వాత ముందు బ్రేక్ ప్యాడ్‌లు, వాల్వ్‌ల శుభ్రత చేయించాడు. రీమ్యాప్ ఎప్పుడని అడిగితే, "ముందు ఒక ఎండాకాలం ఇట్లనే నడిపి చూస్త మామా, బండి సంగతి తెలవాలె కదా" అన్నాడు. పోయిన ఆదివారం ఇద్దరం ములుగు దాకా వెళ్లి వచ్చాం, తిరిగి వచ్చాక వాడు ప్లగ్ ఒకటి విప్పి నా చేతిలో పెట్టాడు. కొన లేత గోధుమ రంగులో ఉంది.