క్యాంపర్‌వ్యాన్ హీటర్: గ్యాస్ ఒక్కటే చాలా, కరెంటు కూడా కావాలా? రెండూ వాడాక చెబుతున్నా

ముందే చెప్పేస్తాను. మీ క్యాంపర్‌వ్యాన్, అంటే లోపలే పడుకుని వండుకునే వ్యాన్, రాత్రిళ్లు ఎక్కువగా కరెంటు పాయింట్ ఉన్న చోట ఆగుతుంటే గ్యాస్, కరెంటు రెండింటి మీదా నడిచే హీటర్ తీసుకోండి. కొండల్లో, అడవి అంచుల్లో, ఎక్కడ బాగుంటే అక్కడ ఆపేసే రకమైతే గ్యాస్ ఒక్కటి చాలు, మిగిలిన డబ్బు ఇన్సులేషన్ మీద, ఇంకో సిలిండర్ మీద పెట్టండి. పాత వ్యాన్‌లో గ్యాస్ హీటర్‌తోనే కొన్ని చలికాలాలు గడిపాను, ఇప్పుడున్న దాంట్లో రెండూ ఉన్నది వాడుతున్నాను. ఎవరు అడిగినా "ఏ హీటర్ మంచిది" అనే అడుగుతారు, నేను మాత్రం "రాత్రి ఎక్కడ పడుకుంటారు" అని తిరిగి అడుగుతాను, ఎందుకంటే జవాబు అక్కడే ఉంది.

ఈ రకంలో అందరికీ తెలిసినది ట్రూమా కాంబీ కాబట్టి లెక్కలు దాని ప్రకారమే చెబుతాను. కాంబీ 4 గ్యాస్ మీద 2000 లేదా 4000 వాట్ల వేడి ఇస్తుంది, లోపలే 10 లీటర్ల నీళ్లు కాచుకుంటుంది. కరెంటు కూడా ఉన్న మోడల్ పేరు చివర 'ఈ' అని ఉంటుంది. గ్యాస్ భాగమంతా మామూలే, అదనంగా 230 వోల్టుల కాయిల్స్ ఉంటాయి, వాటిని 900 లేదా 1800 వాట్ల మీద పెట్టుకోవచ్చు. గ్యాస్ కోసం చూసేవాళ్లలో చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది: గ్యాస్ హీటర్‌కి కూడా కరెంటు కావాలి. వేడిగాలిని గొట్టాల్లోకి తోసే ఫ్యాన్, మంట వెలిగించే బోర్డు 12 వోల్టుల బ్యాటరీ మీదే నడుస్తాయి. బ్యాటరీ పడుకుంటే సిలిండర్ నిండుగా ఉన్నా లాభం లేదు.

గ్యాస్‌ది అసలు బలం వేగం. బయట గడ్డకట్టే చలి, రోజంతా ఖాళీగా ఉన్న వ్యాన్‌లోకి అడుగుపెట్టి 4000 వాట్ల మీద పెడితే, కోటు తీసి తగిలించి టీ పెట్టుకునేలోపు లోపలి గాలి మారిపోతుంది. ఆ పని 1800 వాట్ల కరెంటు వల్ల కాదు, అంటే అవుతుంది గానీ చాలాసేపు పడుతుంది, గోడలు పల్చగా ఉన్న వ్యాన్‌లో గట్టి చలికి అసలు కోరిన ఉష్ణోగ్రతకి చేరదు కూడా. నీళ్లకీ అంతే. 15 డిగ్రీల నీళ్లు 10 లీటర్లు 60కి తేవాలంటే అర యూనిట్ కంటే కాస్త ఎక్కువ కరెంటు కావాలి, కాబట్టి 900 వాట్ల మీద పెడితే ఎంత లేదన్నా 35 నిమిషాలు, నిజంగా ఇంకాస్త ఎక్కువే.

గ్యాస్‌తో ఇబ్బంది ఖర్చయ్యే తీరు. 4000 వాట్ల మీద గంటకి 320 గ్రాములు, 2000 మీద 160 గ్రాములు. అంటే 10 కిలోల గ్యాస్ ఫుల్ మీద ఆపకుండా నడిపితే 31 గంటలు, సగం మీద 62 గంటలు. నిజానికి హీటర్ ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువే వస్తుంది, కానీ గట్టి చలిలో సిలిండర్ ఎంత త్వరగా తేలికైపోతుందో పాత వ్యాన్‌లో బాగా తెలిసొచ్చింది. పైగా అది అయిపోయేది ఎప్పుడూ తెల్లవారుజామునే, ఎందుకంటే చలి ఎక్కువుండేదీ హీటర్ ఎక్కువ లాగేదీ అప్పుడే. టార్చ్ పట్టుకుని బయటికెళ్లి, చల్లటి ఇత్తడి నట్టు మీద వేళ్లు అంటుకుపోతుంటే రెగ్యులేటర్ మార్చడం ఒకసారి చేస్తే చాలు, ఆటోమేటిక్‌గా రెండో సిలిండర్‌కి మారే రెగ్యులేటర్ ఎందుకు పెట్టించుకుంటారో అర్థమవుతుంది. గ్యాస్ ఒక్కటే ఎంచుకునేవాళ్లు దాన్ని మొదటి రోజే పెట్టించండి.

ఇంకోటి, సిలిండర్ గ్యాస్‌లో ప్రొపేన్, బ్యూటేన్ అని రెండు రకాలుంటాయి, చలికాలం ప్రొపేన్ ఉండాలి. బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. సిలిండర్ ఊపితే గ్యాస్ ఉన్నట్టే ఉంటుంది, హీటర్ మాత్రం వెలగదు. అలాంటప్పుడు హీటర్ పాడైందని మెకానిక్‌కి ఫోన్ చేసేముందు సిలిండర్‌లో ఏముందో చూడండి.

ఇక కరెంటు వైపు. నాకు దీంట్లో బాగా నచ్చింది నిశ్చింత. సాయంత్రం వైరు గుచ్చేసి హీటర్‌ని మిక్స్ మోడ్‌లో పెడితే, ముందు కరెంటు వాడుకుంటుంది, చాలకపోతేనే గ్యాస్ వెలిగిస్తుంది, వ్యాన్ వేడెక్కాక గ్యాస్ ఆపేసి మళ్లీ కరెంటు మీదే నెట్టుకొస్తుంది. ఒక కిలో గ్యాస్‌లో దాదాపు 13 యూనిట్ల వేడి ఉంటుంది. 1800 వాట్ల కాయిల్ రాత్రంతా, అంటే పది గంటలు నడిస్తే 18 యూనిట్లు. ఒక్క రాత్రికి దాదాపు కిలో నాలుగు వందల గ్రాముల గ్యాస్ మిగిలినట్టే. కరెంటు క్యాంప్‌సైట్ రోజు అద్దెలోనే కలిపి ఉంటే ఇది నేరుగా ఆదా, మీటర్ పెట్టి యూనిట్ లెక్కన వసూలు చేసే చోట మాత్రం గ్యాస్ ధరతో పోల్చుకుని చూడాలి, ఒక్కోసారి గ్యాసే చవక పడుతుంది.

మిక్స్ మోడ్, కరెంటు మోడ్ మధ్య తేడా మాత్రం తప్పకుండా తెలుసుకోండి, అమ్మేవాళ్లు ఇది సరిగ్గా చెప్పరు. మిక్స్‌లో ఉన్నప్పుడు కరెంటు పోతే హీటర్ దానంతటదే గ్యాస్ అందుకుంటుంది, గ్యాస్ అయిపోతే కరెంటు మీద సాగుతుంది. కేవలం కరెంటు మోడ్‌లో పెట్టి పడుకుంటే, బయట కరెంటు పాయింట్ ఉన్న స్తంభంలో బ్రేకర్ ట్రిప్ అయిందంటే హీటర్ ఊరికే ఆగిపోతుంది, గ్యాస్‌కి మారదు. ఒక క్యాంప్‌సైట్‌లో పక్క వ్యాన్‌వాళ్లు కెటిల్ పెట్టగానే మా రెండు పాయింట్లకీ కలిపి ఉన్న బ్రేకర్ పడిపోయేది. మాది మిక్స్‌లో ఉంది కాబట్టి 'టక్'మని గ్యాస్ వెలిగిన చప్పుడు వినపడేది, పిల్లలు కదలను కూడా కదిలేవాళ్లు కాదు. ఆ ఒక్క చప్పుడు కోసమే ఈ మోడల్ కొనొచ్చు అనిపించింది నాకు.

పాయింట్ బలం చూసుకోకుండా 1800 వాట్లు పెట్టొద్దు. చాలాచోట్ల ఇచ్చేది 6 ఆంపియర్లే, అంటే 1380 వాట్లు, అక్కడ 900 మీదే ఉండాలి, అప్పుడు కూడా కెటిల్ పెట్టాలంటే హీటర్ కాసేపు ఆపాలి. 10 ఆంపియర్లుంటే 1800 నడుస్తుంది, 16 ఉంటే టెన్షనే లేదు. వోల్టేజ్ కూడా చూడండి. చివరి వరుసలో, పొడవాటి వైరు మీద వోల్టేజ్ 200కి పడిపోతే 1800 వాట్ల కాయిల్ ఇచ్చేది 1360 వాట్లే, హీటర్ పాడవలేదు, కరెంటే అంత. వైరు డ్రమ్‌కి చుట్టి ఉంటే పూర్తిగా విప్పండి, చుట్ట మీదే అంత లోడ్ లాగితే లోపలి వరసలు వేడెక్కి కరిగిపోతాయి.

సోలార్ ఉంది, లిథియం బ్యాటరీ ఉంది, ఇన్వర్టర్ పెట్టి కరెంటు మీద నడపొచ్చు కదా అని చాలామంది ఆశపడతారు. వద్దు. 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 1.3 యూనిట్లు, 1800 వాట్లు లాగితే ఇన్వర్టర్ నష్టంతో కలిపి 40 నిమిషాల్లోపే ఖాళీ, అదీ 150 ఆంపియర్లు దాటిన కరెంటుతో. అదే బ్యాటరీ గ్యాస్ హీటర్ ఫ్యాన్‌ని కొన్ని రాత్రులు తిప్పుతుంది. బ్యాటరీని ఫ్యాన్‌కి వదిలేసి వేడిని గ్యాస్‌కి అప్పగించడమే సరైన పద్ధతి. కరెంటు పాయింట్ దొరకనివాళ్లకి ఆ కాయిల్స్ మోసుకు తిరిగే బరువే తప్ప ఇంకేం కావు.

నేను ముందు పట్టించుకోని లాభం ఒకటి వాడుతుంటే తెలిసింది. చలికాలం వ్యాన్ ఇంటి ముందు ఖాళీగా నిలిచి ఉన్నప్పుడు, కరెంటు మీద అన్నిటికంటే తక్కువ ఉష్ణోగ్రతలో పెట్టేస్తే నీళ్ల గొట్టాలు గడ్డకట్టవు, గ్యాస్ వాల్వు కట్టేసి ఉంచొచ్చు. గ్యాస్ హీటర్‌తో ఆ పని చేయాలంటే ఎవరూ లేని వ్యాన్‌లో మంట వెలిగించి వదిలేయాలి, అది నాకు మనసొప్పదు. కాంబీలో 3 డిగ్రీల దగ్గర తెరుచుకుని బాయిలర్ నీళ్లు వదిలేసే వాల్వు ఉంది గానీ, అది కాపాడేది బాయిలర్‌ని మాత్రమే, కుళాయినీ పంపునీ కాదు.

శబ్దంలో పెద్ద తేడా ఆశించకండి, ఫ్యాన్ రెండింటికీ ఒకటే. కరెంటు మీద ఉంటే బయట పొగ గొట్టం దగ్గర వాసన ఉండదు, పక్కనే టెంట్ వేసుకున్నవాళ్లుంటే అది మర్యాద కూడా. పొగ గొట్టం మూతి మీద మంచు పేరుకోకుండా చూసుకోవడం, లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవడం మాత్రం ఏ హీటరైనా తప్పదు. దారిలో నడుస్తూ వేడి కావాలంటే రెగ్యులేటర్‌కి, వ్యాన్ దేనికైనా గుద్దుకుంటే గ్యాస్ ఆపేసే సెన్సర్, గొట్టం తెగితే మూసుకునే వాల్వు ఉండాలి. నడిచేటప్పుడు కరెంటు కాయిల్ ఎలాగూ పనికిరాదు.

నిర్ణయం కొనేటప్పుడే తీసుకోండి. గ్యాస్ కాంబీకి తర్వాత కాయిల్స్ తగిలించలేం, హీటర్ మొత్తం మార్చాల్సిందే. ఇప్పటికే గ్యాస్ ఉండి, ఎప్పుడో ఒకసారి కరెంటు పాయింట్ దగ్గర ఆగేవాళ్లు దాని కోసం అంత ఖర్చు పెట్టక్కర్లేదు. ప్లగ్‌లో పెట్టుకునే చిన్న ఆయిల్ రేడియేటర్, 800 వాట్ల లోపుది, థర్మోస్టాట్ ఉన్నది ఒకటి తెచ్చుకోండి. నీళ్లు కాచదు, గొట్టాల్లోకి గాలి పంపదు, కానీ రాత్రి గ్యాస్ సగానికి సగం మిగులుతుంది. ఫ్యాన్ హీటర్ వద్దు, వ్యాన్‌లో దుప్పటి జారి దాని మీద పడటానికి ఎంతో దూరం ఉండదు.