పిక్సీస్ 'డూలిటిల్ 25': నిర్వాణ పాట కట్టే తీరు ఎక్కడిదో తెలియాలంటే ఈ సెట్టు వినాలి

అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వాణ గురించి మాట వస్తే, దానికి ముందుతరం బ్యాండ్ పిక్సీస్ పేరు రాక మానదు. ఆ ముడి వేసింది నిర్వాణ గాయకుడు కర్ట్ కొబేనే. 1994 జనవరిలో రోలింగ్ స్టోన్ పత్రికలో అచ్చయిన ఇంటర్వ్యూలో, తమ హిట్ పాట 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' కట్టేటప్పుడు పిక్సీస్‌ను కాపీ కొట్టాలనే చూశానని దాపరికం లేకుండా చెప్పాడు. మెల్లగా సాగి, ఒక్కసారిగా విరుచుకుపడే వాళ్ల తీరునే తీసుకున్నామన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని చాలామంది 'చరణం నెమ్మదిగా, పల్లవి గట్టిగా, అంతే' అని తేల్చేస్తారు. అసలు పనితనం సౌండ్ హెచ్చుతగ్గుల్లో లేదు. అది చెవికి దొరకాలంటే పిక్సీస్ ఆల్బమ్ 'డూలిటిల్'కు పాతికేళ్లయిన సందర్భంగా ఫోర్ఏడీ రికార్డు సంస్థ 2014లో తెచ్చిన ఈ మూడు డిస్కుల సెట్టును మించింది లేదు.

మొదటి డిస్కు 1989 ఏప్రిల్‌లో వచ్చిన అసలు ఆల్బమ్: 15 పాటలు, మొత్తం కలిపినా 40 నిమిషాలు నిండదు. రెండోదాంట్లో బీ-సైడ్లు (సింగిల్ రికార్డుల రెండో వైపు వేసిన పాటలు), బీబీసీ రేడియోలో జాన్ పీల్ కార్యక్రమం కోసం వాయించినవి. మూడోది డెమోలు, అంటే ఆల్బమ్‌కు ముందు చేసుకున్న ముసాయిదా రికార్డింగులు. పాట ఎలా తయారవుతుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు సెట్టు విలువంతా ఈ మూడోదాంట్లోనే ఉంది.

ముందు 'టేమ్' పెట్టండి. రెండు నిమిషాల లోపు పాట. కిమ్ డీల్ బేస్ గిటార్ మీద డి, సి, ఎఫ్, ఈ మూడు స్వరాలనే మొదటి నుంచి చివరిదాకా తిప్పుతుంది. చరణంలో బేస్, డ్రమ్స్ మీదే బరువంతా. గాయకుడు బ్లాక్ ఫ్రాన్సిస్ దాదాపు గుసగుసలాడతాడు. పల్లవి వచ్చేసరికి బేస్ అదే, వేగం అదే. గిటార్లు మీద పడతాయి, గుసగుస కేక అవుతుంది. ఆ బేస్ మీద గిటారిస్టు జోయీ శాంటియాగో, జిమీ హెండ్రిక్స్ వల్ల పేరొచ్చిన సెవెన్ షార్ప్ నైన్ అనే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) వేస్తాడు. పాటలోని గరుకుదనం చాలావరకు దానిదే. అంటే మారేది బాణీ కాదు, ఆ క్షణాన ఎవరు వాయిస్తున్నారు, ఎవరు చేతులు కట్టుకున్నారు అన్నదే.

నిర్వాణ పట్టుకున్నది సరిగ్గా దీన్నే. 'టీన్ స్పిరిట్'లో ఎఫ్, బి ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్, ఈ నాలుగు పవర్ కార్డ్స్ (మూలస్వరం, దాని పంచమం మాత్రమే ఉండేవి) మీదే దాదాపు పాటంతా నడుస్తుంది. చరణంలో గిటార్ రెండే రెండు స్వరాలకు తగ్గిపోతుంది. క్రిస్ట్ నొవొసెలిచ్ బేస్ మాత్రం ఆ నాలుగింటి మూలస్వరాలను వదలదు. అందుకే గిటార్ తగ్గినప్పుడు కూడా రిఫ్ (పదే పదే తిరిగే గిటార్ వరుస) మన చెవిలో నడుస్తూనే ఉంటుంది. తిరిగి వచ్చినప్పుడు పాట కొత్తగా మొదలైనట్టు ఉండదు, పెద్దదైనట్టు ఉంటుంది.

అలాగని ఇది అచ్చు నకలు కాదు. పిక్సీస్ చరణం నుంచి పల్లవిలోకి గోడ దూకినట్టు దూకుతారు. కొబేన్ మధ్యలో ఒక మెట్టు కట్టాడు: 'హలో' అంటూ తిప్పితిప్పి పాడే భాగం. అక్కడ గిటార్‌కు స్మాల్ క్లోన్ అనే కోరస్ పెడల్ (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టె) తోడై స్వరం ఊగుతుంది. సోలో కూడా చరణం బాణీనే తిరిగి పలుకుతుంది. ఇలా సాగి పాట ఐదు నిమిషాలకు చేరింది. పిక్సీస్‌లో అది కుదరని పని. 'డూలిటిల్' నిర్మాత గిల్ నార్టన్ పాటల్ని పొడిగించమంటే, ఫ్రాన్సిస్ ఆయన్ను రికార్డుల షాపుకు తీసుకెళ్లి, దాదాపు అన్నీ రెండు నిమిషాల పాటలే ఉన్న, తొలితరం రాక్ గాయకుడు బడీ హాలీ సంకలనాన్ని చేతిలో పెట్టాడు.

ఈ పద్ధతిలో సొంత పాట కట్టే బ్యాండ్లు ఎక్కడ దెబ్బతింటాయో కూడా ఈ డిస్కులు వింటే తెలుస్తుంది. చరణంలో గిటార్‌ను సన్నగా వాయిస్తే సరిపోదు, కార్డ్స్ పూర్తిగా తీసేయాలి. రెండోది పెడల్. గిటార్ సౌండ్‌ను గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ దాని హెచ్చుతగ్గులను నొక్కేస్తుంది; దాని లెవల్‌ను క్లీన్ సౌండ్‌తో సమానంగా పెడితే పల్లవి పెరగాల్సింది పోయి చిన్నబోతుంది. అందుకే లెవల్ నాబ్ క్లీన్ కంటే ఒక మెట్టు పైనే ఉండాలి. పల్లవిలో డ్రమ్మర్ వేగం పెంచితే మొత్తం పాడు. 'టీన్ స్పిరిట్' నిమిషానికి సుమారు 116 బీట్ల దగ్గర నిలకడగా ఉంటుంది కాబట్టే అంత బరువు. ఇక మాస్టరింగ్‌లో (రికార్డుకు చివరి మెరుగు దిద్దేటప్పుడు) సౌండ్ శిఖరాలను అణిచే లిమిటర్‌ను అతిగా బిగిస్తే మెల్లని చోటు కూడా పైకొచ్చేసి, పడ్డ శ్రమంతా వృథా. వినేవాళ్లూ అంతే: స్ట్రీమింగ్ యాప్‌లో వాల్యూమ్‌ను 'లౌడ్' మీద ఉంచి ఈ ఆల్బమ్ వినకండి.

లోపాలు లేకపోలేదు. డెమోల రికార్డింగ్ మొరటుగా ఉంటుంది, కేవలం పాటల కోసమైతే మామూలు సింగిల్ డిస్కు చాలు. అయితే 'మంకీ గాన్ టు హెవెన్' డెమో మాత్రం వదలొద్దు. ఆల్బమ్‌లో దానికి రెండు చెల్లోలు, రెండు వయొలిన్లు ఉన్నాయి. అవి లేకుండా కూడా పాట నిలబడుతుందని అక్కడ తెలుస్తుంది. నిర్వాణ 'ఇన్ యుటెరో' డ్రమ్స్ ఎక్కడివో వెతుకుతున్నవాళ్లకు ఈ సెట్టు పనికిరాదు. వాళ్లు కొనాల్సింది 1988 నాటి 'సర్ఫర్ రోసా'. దాన్ని రికార్డు చేసిన స్టీవ్ ఆల్బినీతోనే 1993 ఫిబ్రవరిలో మిన్నెసోటాలో నిర్వాణ ఆ ఆల్బమ్ చేసింది. కొబేన్ తన నోటుబుక్కులో రాసుకున్న ఇష్టమైన 50 ఆల్బమ్‌ల జాబితాలోనూ 'సర్ఫర్ రోసా' రెండో స్థానంలో ఉంది.

ఈ సెట్టు కొంటే వినే వరుస ఇది: 'టేమ్' డెమో, ఆల్బమ్‌లోని 'టేమ్', వెంటనే 'టీన్ స్పిరిట్', ఆ తర్వాత ఆల్బమ్ ఆఖరి పాట 'గౌజ్ అవే'. నాలుగింటిలోనూ గాయకుణ్ణి పక్కనపెట్టి బేస్‌నే వెంబడించండి.