క్లారినెట్ మౌత్‌పీస్‌కి దారం: నాలుగేళ్ల వాడకం తర్వాత

జర్మనీలో క్లారినెట్ వాయించేవాళ్లు చాలామంది ఇప్పటికీ రీడ్‌ని, అంటే ఊదితే అదిరి నాదం పుట్టించే పలచటి రెల్లు బద్దని, మౌత్‌పీస్‌కి (నోట్లో పెట్టుకుని ఊదే భాగానికి) దారంతోనే కడతారు. వాళ్ల మౌత్‌పీస్‌ల మీద దారం జారకుండా చుట్టూ సన్నటి గాట్లు ఉంటాయి. నేను వాడేది గాట్లు లేని నున్నటి ఎబొనైట్ (గట్టి రబ్బరు) మౌత్‌పీస్. చిక్కంతా అక్కడే. మౌత్‌పీస్ కొన వైపు సన్నబడుతుంది కాబట్టి దారం పైకి జారిందంటే వదులైనట్టే.

కొలత ఇలా వేసుకోండి. కట్టే చోట చుట్టుకొలత సుమారు 8.5 సెంటీమీటర్లు. 2 మిల్లీమీటర్ల దారం 14 చుట్లకి 120 సెంటీమీటర్లు పడుతుంది. కొసలకి ఇంకో 20 కలిపి 140 కోయండి. గుండ్రటి బూటు లేసు కూడా పనికొస్తుంది. నూలుదారం పట్టు బాగుంటుంది గానీ తడిసి ఆరాక వదులవుతుంది. నైలాన్ తడికి అంతగా మారదు, కానీ జారుతుంది. నైలాన్ మీద నూలు అల్లిక ఉన్న దారం నాకు అన్నిటికంటే నచ్చింది. కొత్త రంగుదారమైతే ముందు సబ్బునీళ్లలో ఉతకండి, లేకపోతే రంగు రీడ్‌కి అంటుతుంది.

మొదటి రెండు చుట్లు కుదిరితే మిగతా పని సులువు. రీడ్ తొక్క గీకిన గీతకి 2, 3 మిల్లీమీటర్ల కిందనుంచి మొదలుపెట్టి కిందికి చుట్టాలి. దారం మొదటి కొసని రీడ్ మీద కాకుండా వెనకవైపు ఆనించి, దాని మీదుగా చుట్టండి. అది రీడ్ మీద పడితే అక్కడ ఎత్తు వచ్చి ఒత్తిడి ఒకవైపే పడుతుంది. మొదటి చుట్టు రీడ్‌ని చుట్టే దిక్కుకే లాగుతుంది, అందుకే రీడ్‌ని నొక్కిపట్టిన ఎడమ బొటనవేలు తియ్యకూడదు. చివరి రెండు చుట్లు కాస్త వదులుగా వేసి, కొసని వాటి కింద దూర్చి లాగండి. ముడి వద్దు.

కట్టాక కింది రంధ్రాన్ని అరచేత్తో మూసి, కొన నోట్లో పెట్టుకుని గాలి పీల్చండి. రీడ్ అతుక్కుని, టప్పున వదలాలి. అతుక్కోకుండా వెంటనే గాలి జారిపోతే రీడ్ పక్కకి ఒరిగి ఉండొచ్చు. విప్పాక తొక్క మీద పడ్డ గీతల్ని వెలుతురులో చూడండి. రెండు అంచుల్లోనూ ఒకే లోతున ఉంటే కట్టు సరిగ్గా కుదిరింది. ఒక అంచు లోతుగా నొక్కుకుపోయి ఉంటే ఈసారి అటువైపు చేతిబిగువు తగ్గించాలి. గట్టిగా బిగిస్తే మంచిదనుకోవడం పొరపాటు, స్వరం నొక్కుకుపోతుంది.

నాదం విషయానికొస్తే, కింది స్వరాలు మెత్తగా పలుకుతాయి, నాలుక దెబ్బకి రీడ్ తొందరగా స్పందిస్తుంది. అయితే ఈ తేడా వాయించేవాడికి తెలిసినంతగా వినేవాడికి తెలియదు. కచేరీ మధ్యలో రీడ్ మార్చాలంటే మాత్రం ఒక నిమిషమైనా కావాలి, స్క్రూ లిగేచర్‌కి (రీడ్‌ని మరలతో బిగించే పట్టీకి) పది సెకన్లు చాలు. చాలా మౌత్‌పీస్ మూతలు దారం మీదికి ఎక్కవు. వాయించాక తడి రీడ్‌ని కట్టులోనే ఉంచేస్తే అడుగున బూజు పడుతుంది, కాబట్టి ప్రతిసారీ విప్పాల్సిందే. ఇంట్లో సాధనకీ నింపాదిగా సాగే కచేరీలకీ నేను దారమే కడతాను. రీడ్లు తరచూ మార్చాల్సిన పెళ్లి మేళానికి స్క్రూ లిగేచరే తీసుకెళ్తాను.