కాంటా ప్రోగ్రాంలో ఒక కంపైలర్ ఆప్షన్: రెండు పత్తి సీజన్లు వాడాక

నల్లగొండ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో లారీ కాంటాలకు సీ భాషలో ప్రోగ్రాం రాయడం నా పని. బండి కాంటా ఎక్కగానే సీరియల్ కేబుల్ మీద బరువు వస్తుంది, ప్రోగ్రాం దాన్ని చదివి చీటీ కొడుతుంది. సీ కోడ్‌ను మెషీన్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ జీసీసీలో ‘-ఎఫ్‌ట్రివియల్-ఆటో-వార్-ఇనిట్’ అనే ఆప్షన్ రెండు సీజన్లుగా వాడుతున్నాను. ఎందుకు మొదలుపెట్టానో ముందు చెప్పాలి.

చిట్యాల వైపు ఒక మిల్లులో సాయంత్రం పూట ఒక పెద్దాయన చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. “గింత పత్తి నాకెక్కడిది బిడ్డా? నాది చిన్న ట్రాలీ. ఇది నా ముంగట పోయిన బండి లెక్క.” చూస్తే నిజమే. రెండు చీటీల మీదా 6,240 కిలోలే.

బరువు కోసం పెట్టుకున్న వేరియబుల్‌కు (అంకె దాచుకునే చోటుకు) ఏ విలువా ఇవ్వకుండా దాని అడ్రస్ ఎస్‌స్కాన్‌ఎఫ్‌కి పంపాను. వచ్చిన లైన్‌లోంచి అంకె తీసి ఆ అడ్రస్‌లో రాసే ఫంక్షన్ అది. కేబుల్‌లో డిస్టర్బెన్స్ వచ్చి ఆ లైన్ చెడిపోయింది. ఎస్‌స్కాన్‌ఎఫ్ ఏమీ రాయలేదు, రాయలేదని అది చెప్పినా నా కోడ్ చూసుకోలేదు. ఫంక్షన్లు తమ వేరియబుల్స్ పెట్టుకునే మెమరీ, అంటే స్టాక్‌లో అదే చోట ముందు బండి బరువు మిగిలి ఉంది, అదే చీటీ ఎక్కింది. వార్నింగులు చూపించమనే ‘-వాల్’ ఆప్షన్ పెట్టే కంపైల్ చేశాను, ఒక్క వార్నింగ్ కూడా రాలేదు. అడ్రస్ వేరే ఫంక్షన్‌కు పోయాక అందులో విలువ పడి ఉండొచ్చని కంపైలర్ ఊరుకుంటుంది. అదే ఎవరికైనా తక్కువ పడి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ ఆప్షన్ జీసీసీలో 12వ వెర్షన్‌తో 2022లో వచ్చింది, క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌లో అంతకు ముందే ఉంది. ఫంక్షన్ లోపలి వేరియబుల్‌కు మనం విలువ పెట్టకపోతే కంపైలరే పెడుతుంది. ‘జీరో’ అంటే సున్నా. ‘ప్యాటర్న్’ అంటే జీసీసీలో ప్రతి బైటులోనూ ఎఫ్‌ఈ అనే హెక్స్ విలువ. ప్యాటర్న్ పెట్టి, చెడిపోయిన లైన్ కావాలని పంపి చూశాను. స్క్రీన్ మీద -16843010 కిలోలు! నాలుగు బైట్లలోనూ ఎఫ్‌ఈ ఉంటే వచ్చే అంకె అది. అప్పటి నుంచి టెస్టింగ్‌లో ఆ అంకె కనిపిస్తే ఏం జరిగిందో చెప్పేవాళ్లు అక్కర్లేదు. నాకు ఈ ఆప్షన్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే.

మిల్లులకు ఇచ్చేది మాత్రం జీరోతోనే. పాత బండి లెక్క కొత్త చీటీ మీదికి రావడం ఆగిపోయింది. కానీ సున్నా పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకండి. లోడు తూకం సున్నా అని వస్తే గుమస్తా అక్కడే ఆపేస్తాడు. ఖాళీ తూకం సున్నా అని వస్తే ట్రాక్టర్, ట్రాలీ బరువంతా పత్తి కింద కలిసిపోతుంది. ఇది నేను టెస్టింగ్‌లోనే చూశాను కాబట్టి సరిపోయింది. ఇప్పుడు సున్నా వస్తే చీటీ కొట్టనే కొట్టదు, మళ్లీ తూయమంటుంది. ఎస్‌స్కాన్‌ఎఫ్ ఇచ్చే జవాబును కూడా ప్రతి చోటా చూస్తున్నాను.

స్పీడ్ తేడా నాకు తెలియలేదు, ఒక్కచోట తప్ప. ఒక ఫంక్షన్‌లో 64 కేబీ బఫర్ ఉంది, పిలిచిన ప్రతిసారీ దాన్ని మొత్తం నింపుతోంది. దానికి ‘అన్ఇనిషియలైజ్డ్’ అనే ఆట్రిబ్యూట్ తగిలించి వదిలేయించాను. ప్రోగ్రాం నడుస్తుండగా మాలాక్ ఫంక్షన్‌తో అడిగి తీసుకున్న మెమరీ జోలికి ఈ ఆప్షన్ పోదు, అక్కడ సున్నాలు నింపి ఇచ్చే కాలాక్ వాడుతున్నాను. ఇంకో సంగతి, ఇది పెట్టి కంపైల్ చేస్తే ఇలాంటి తప్పులు మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే టూల్‌కు కనపడవు, దాని లెక్కన విలువ పెట్టేసినట్టే కదా. అందుకని ఈ ఆప్షన్ లేకుండా వేరే బిల్డ్ ఒకటి చేసి, వారానికోసారి వాల్‌గ్రైండ్ కింద నడుపుతాను.

దేవరకొండ వైపు రెండు కాంటాల్లో కంప్యూటర్ బోర్డులు ఇంకా డెబియన్ 11 అనే పాత లినక్స్ మీదే ఉన్నాయి. అందులో జీసీసీ 10, ఈ ఆప్షన్ ఇస్తే ఎర్రర్ కొడుతుంది. వాటి కోడ్‌లో ప్రతి వేరియబుల్‌కూ చేత్తోనే విలువ పెట్టుకుంటూ వచ్చాను. దసరాలోపు ఆ బోర్డులు మార్చేయాలి, పత్తి రావడం మొదలైతే కాంటా ఆపనివ్వరు.