మోకాలి ఆపరేషన్ తర్వాత ఎనిమిది నెలలు: జెల్ ప్యాకు, టెన్స్ మిషను, ఒక దిండు

వానలో స్కూటర్ జారి ఎడమ మోకాలిలో తొడ ఎముకనూ కింది కాలి ఎముకనూ కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. తొడ వెనుక నుంచి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నరంలాంటి పట్టీ) తీసి దాని స్థానంలో అమర్చారు. ఆపరేషన్ సంగతి అందరూ చెప్పారు కానీ, ఆ తర్వాత రోజూ మోకాలు వంచేటప్పుడు వచ్చే నొప్పి గురించి ఎవరూ ముందుగా చెప్పలేదు. దానికోసం కొన్నవాటిని ఎనిమిది నెలలు వాడి చూశాను.

నాకు బాగా ఉపయోగపడింది జెల్ ప్యాకే. మొదట మూతపెట్టే రబ్బరు సంచిలో ఐసు ముక్కలు వేసుకున్నాను. అవి చిప్ప మీద కుప్పగా కూర్చుంటాయి తప్ప, అసలు వాపు ఉండే పక్కలకు తగలవు. జెల్ ప్యాకు గడ్డకట్టినా మెత్తగా ఉండి మోకాలి చుట్టూ ఒదుగుతుంది. వ్యాయామం అయ్యాక పదిహేను నిమిషాలు, మధ్యలో పలుచటి తువ్వాలు తప్పనిసరి. ఒకరోజు బద్ధకించి నేరుగా పెట్టుకుని నిద్రపోయాను. లేచేసరికి చర్మం కమిలి ఉంది. రెండు ప్యాకుల్లో ఒకటి ఆరో నెలలో కుట్టు దగ్గర చిట్లింది. రెండోది ఇప్పటికీ ఫ్రీజర్‌లో అల్లం వెల్లుల్లి ముద్ద డబ్బా పక్కనే ఉంటుంది, ఆ వాసనతో సహా.

జెల్ ప్యాకుకు అయిదింతల ధర పెట్టి కొన్న టెన్స్ మిషను, అంటే చర్మం మీద నుంచి సన్నటి కరెంటు పంపి నొప్పి తగ్గించే పరికరం గురించి అంత ఉత్సాహంగా చెప్పలేను. ప్యాడ్లు అంటించి మీట నొక్కితే చీమలు పాకినట్టు ఉంటుంది, నొప్పి మీద నుంచి ధ్యాస మళ్లుతుంది. ఆపిన కాసేపటికి నొప్పి మళ్లీ మొదలు. వాపు మీద దాని ప్రభావం నాకేమీ కనిపించలేదు. ప్యాడ్ల జిగురు నెలకే పోయింది. నిద్రపట్టని రాత్రుల్లో మాత్రం ఆదుకుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా దాని జోలికి పోకూడదు.

మాత్రల విషయంలో తప్పు నాదే. ఓర్చుకోవడమే గొప్ప అనుకుని రెండో వారంలో మానేశాను. మోకాలు డెబ్బై డిగ్రీలకు మించి వంగనని మొరాయించింది. "నొప్పికి భయపడి మీరు కాలు బిగబట్టేస్తున్నారు మాస్టారూ" అన్నాడు ఫిజియో. డాక్టర్ రాసిన పారాసెటమాల్‌ను వ్యాయామానికి ముప్పావు గంట ముందు వేసుకోమన్నాడు. నాలుగో వారానికి తొంభై దాటాను. అతను చెప్పిన మరో కొలత ఇప్పటికీ పాటిస్తున్నాను: మర్నాటి ఉదయానికి నొప్పి, వాపు తగ్గితే చేసినది సరిపోయింది, పెరిగితే ఆ రోజు తగ్గించాలి. పిక్క వాచి నొప్పి పుడితే మాత్రం ఐసు పెట్టుకుంటూ కూర్చోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలని కూడా గట్టిగా చెప్పాడు.

ఇక దిండు. అమ్మ ప్రేమగా మోకాలి కింద దిండు పెట్టేది. ప్రాణం లేచొచ్చినట్టుండేది, కానీ కాలు ఆ వంపులోనే బిగుసుకుపోతోందని ఫిజియో దాన్ని లాగేసి, మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టాడు. మోకాలు తనంతట తాను కిందికి దిగాలి. ఆ పది నిమిషాలూ నాకు అన్నిటికంటే కష్టంగా గడిచేవి. తువ్వాలు తీసేశాక మోకాలికీ మంచానికీ మధ్య సందును జవాబు పత్రాలతో కొలిచేవాణ్ని. మొదటివారం కట్ట మొత్తం దూరేది. మూడో నెలలో ఒక్క కాగితం కూడా దూరలేదు.

బాసింపట్టు వేసుకుని పది నిమిషాలకు మించి ఇప్పటికీ కూర్చోలేను. మెట్లు దిగిన సాయంత్రం ఫ్రీజర్ తలుపు తీయక తప్పదు.