రాజోలు వాళ్ళకి పాలకొల్లు స్టేషన్: చాలా ఏళ్ళ వాడకం తర్వాత

పాలకొల్లు స్టేషన్ పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. కానీ అక్కడ బండి దిగేవాళ్ళలో గోదారి దాటి ఇంటికి పోవాల్సిన రాజోలు, మలికిపురం వైపు వాళ్ళం చాలామందిమి ఉంటాం. గోదారి పాయలు గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్న మా కోనసీమలో ఇంకా రైలు తిరగడం లేదు. అమలాపురం వాళ్ళు రాజమండ్రికో కాకినాడకో పోతారు. మాకు మాత్రం శివకోడు, దిండి మీదుగా చించినాడ వంతెన దాటితే పాలకొల్లే దగ్గర. మా అబ్బాయి చదువుకని హైదరాబాద్ వెళ్ళిన దగ్గర్నుంచి, వాడి ఉద్యోగం, మా ఆవిడ కంటి వైద్యం, పెళ్ళిళ్ళు, అన్నిటికీ ఈ స్టేషనే మాకు దారి. రైలు బాగుంది, స్టేషన్ మా అవసరానికి సరిపోతుంది. ఇబ్బందల్లా రైలు దిగిన చోటికీ బస్సు ఎక్కే చోటికీ మధ్యనే.

ముందు రైలు సంగతి. ఈ లైను ఒకప్పుడు సింగిల్ లైను, డీజిల్ బండ్లు. ఏ ఆకివీడులోనో కైకలూరులోనో క్రాసింగ్ పడిందంటే ఎదురుబండి వచ్చేదాకా కిటికీలోంచి చేపల చెరువులు చూస్తూ కూర్చోవడమే. విజయవాడ, గుడివాడ, భీమవరం, నరసాపురం, నిడదవోలు, మచిలీపట్నం కలిపి 221 కిలోమీటర్ల మేర రెండో లైను వేసి కరెంటు పెట్టాక ఆ నిరీక్షణ తగ్గింది. ఈ మార్పుని బయటి ఊళ్ళవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు గానీ, మా ప్రాంతానికి ఈమధ్య జరిగిన మేళ్ళలో నేను దీన్నే ముందు చెబుతాను. నరసాపురం ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి దాకా వెళ్ళడం ఇంకో సుఖం. గచ్చిబౌలి వైపు ఉండే పిల్లలకి సికింద్రాబాద్‌లో దిగి ఊరంతా దాటే పని తప్పింది. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం.

ఇక్కడ బండి ఎక్కువసేపు ఆగదు. మీ కోచ్ ఎక్కడ పడుతుందో ముందే కనుక్కుని అక్కడే నిలబడండి. కొబ్బరికాయల సంచి, ఆవకాయ జాడీ, పిల్లలు, అన్నీ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద పరిగెత్తడం పెద్దవాళ్ళ వల్ల కాదు. సంక్రాంతికి వచ్చేవాళ్ళు కనుమ తర్వాతి తిరుగు టికెట్‌నే ముందు చూసుకోవాలి. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులుండేది. అంటే నవంబరు మధ్యలోనే మేలుకోవాలి. ఒక పండక్కి మావాడికి రైల్లో దొరక్క ప్రైవేటు బస్సు బుక్ చేస్తే, బయల్దేరే రోజు మధ్యాహ్నం రద్దయిందని మెసేజ్ పెట్టారు. ఆ టెన్షన్ పడ్డాక మా ఇంట్లో వెయిటింగ్ లిస్టయినా సరే, రైలే.

ఇప్పుడు బస్సు. స్టేషనూ బస్టాండూ ఒకచోట లేవు. ఒట్టి చేతులతో నడవచ్చు, సామానుతో మాత్రం ఆటో తప్పదు. పొద్దున దిగితే ఏ చింతా లేదు, రాజోలు వైపు బస్సులు దొరుకుతాయి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం కాబట్టి మా ఆవిడ ఒక్కతే కూడా ధైర్యంగా బయల్దేరుతోంది. రద్దీ పెరిగింది, నిజమే. అయినా ఇంట్లో డబ్బులు అడగకుండా ఆడవాళ్ళు ఊరు కదలగలగడం ముందు ఆ రద్దీ నాకు లెక్కలోది కాదు.

చిక్కంతా రాత్రి దిగేవాళ్ళకి. బండి కాస్త లేటయి తొమ్మిది దాటితే, వంతెన అవతలికి వచ్చే ఆటో అడిగినంత ఇవ్వాల్సిందే. నేను బేరమాడగలను. ఒంటరిగా దిగిన ఆడపిల్ల ఆ వేళప్పుడు ఏం బేరమాడుతుంది? బస్సు వేళ, రైలు వేళ ఒకరినొకరు అడిగి పెట్టుకున్నవి కావు. ఈ స్టేషన్‌కి మార్కులు తగ్గించాలంటే నేను ఇక్కడే తగ్గిస్తాను.

సఖినేటిపల్లి, అంతర్వేది వాళ్ళకి ఇంకో దారి ఉంది. రేవులో పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి వశిష్ఠ దాటితే నరసాపురం, బండి బయల్దేరేది అక్కడే. తీరిగ్గా ఎక్కి సామాను సర్దుకోవచ్చు, పంటు మీద సైకిలూ మోటారు సైకిలూ కూడా వస్తాయి. పగటి ప్రయాణానికి నాకదే ఇష్టం. కానీ గోదారికి వరదొస్తే పంటు ఆపేస్తారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి లంక ఊళ్ళు మునిగిన సంగతి మాకెవరికీ మరుపురాదు. వర్షాకాలంలో టికెట్ తీసుకునేవాళ్ళు వంతెన దారినే నమ్ముకోండి.

కార్తీకమాసంలో వచ్చేవాళ్ళకి ఒక మాట. పంచారామాల్లో పాలకొల్లు క్షీరారామం, భీమవరం సోమారామం రెండూ ఈ రైలు దారిలోనే ఉన్నాయి. సోమవారాలు మాత్రం బాగా రద్దీ, వేరే రోజు చూసుకోండి.

కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్ల రైలు మార్గం 2000-01లో మంజూరయింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయల మీదా పెద్ద వంతెనలు కావాలి, అందుకే అంత ఖర్చు, అంత ఆలస్యం. అది పూర్తయి మా వైపు స్టేషన్ వస్తే పాలకొల్లు అవసరం మాకు తగ్గుతుంది. అప్పటిదాకా కొత్త భవనాలేమీ అడగను. స్టేషన్ గేటు దగ్గర రాజోలు, అమలాపురం బస్సుల వేళలు తెలుగులో రాసిన బోర్డు ఒకటి, రాత్రి చివరి బండి వచ్చాకే కదిలే బస్సు ఒకటి ఉంటే చాలు.