ఏలియన్ నవలలు: ఏవి చదవాలి, ఏవి వదిలేయవచ్చు

రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో 1979లో వచ్చిన 'ఏలియన్' సినిమా చుట్టూ నాలుగు దశాబ్దాలకు పైగా నవలలు వస్తూనే ఉన్నాయి. సినిమా కథనే తిరిగి చెప్పినవి కొన్ని, రెండు సినిమాల మధ్య ఖాళీని పూరించడానికి రాసినవి కొన్ని, కామిక్స్ నుంచి నవలలుగా మారినవి కొన్ని, అందులోని గ్రహాంతర రాక్షసజీవిని తప్ప సినిమా నుంచి ఇంకేమీ తీసుకోకుండా కొత్త గ్రహాలకూ కొత్త మనుషుల దగ్గరకూ వెళ్లినవి మరికొన్ని. నేను వీటిని చాలా ఏళ్లుగా ఇంగ్లీషులో చదువుతున్నాను. కొన్నిటిని ఒకసారి చదివి పక్కన పెట్టాను, కొన్నిటిని మళ్లీ మళ్లీ తెరిచాను. రాక్షసజీవిని ఎంత భయంకరంగా వర్ణించారన్న దాన్ని బట్టి ఈ నవలల మంచి చెడ్డలు తేలవని నాకు అర్థమైంది. ఆ జీవి ఉన్న చోటికి మనుషులను ఎవరు పంపారు, ఏ ఒప్పందం మీద సంతకం పెట్టించి పంపారు అన్న విషయాన్ని పట్టించుకున్న రచయిత చేతిలోనే నవల నిలబడుతుంది.

ఈ విషయానికి మూలం మొదటి సినిమాలోనే ఉంది. నోస్ట్రోమో అనే సరుకు ఓడలో ఏడుగురు సిబ్బంది దీర్ఘనిద్ర నుంచి లేచి భోజనానికి కూర్చున్నారో లేదో, ఇంజన్ విభాగంలో పనిచేసే పార్కర్, బ్రెట్ తమ బోనస్ వాటా గురించి వాదన మొదలుపెడతారు. దారిలో అందిన సంకేతాన్ని వెళ్లి పరిశీలించకపోతే వాటా మొత్తం పోతుందన్న ఒప్పంద నిబంధనను ఓడలోని శాస్త్ర అధికారి యాష్ గుర్తు చేసిన తర్వాతే పార్కర్ వెనక్కి తగ్గుతాడు. జీవిని మాత్రం భద్రంగా తీసుకురావాలి, సిబ్బంది ఏమైపోయినా ఫరవాలేదు అని కంపెనీ ముందే ఆదేశించిందని ఆ తర్వాత బయటపడుతుంది. నేను సింగరేణి బొగ్గుగనుల ప్రాంతంలో పెరిగినవాణ్ణి. దసరా దగ్గర పడేసరికి ఈసారి లాభాల్లో వాటా ఎంత శాతం ప్రకటిస్తారన్న చర్చ బాయి దగ్గర మొదలై ఇంటి వసారాల దాకా ఎలా సాగుతుందో చూసినవాళ్లకు పార్కర్ గొంతులోని కసి వెంటనే అర్థమవుతుంది. బహుశా ఈ కథల మీద నాకు ఇంత ఇష్టం కుదరడానికి కారణం అదే.

అలన్ డీన్ ఫాస్టర్ రాసిన మొదటి నవల సినిమాతో పాటే 1979లో వచ్చింది. సినిమా చూసినవారు కూడా దీన్ని చదవవచ్చు. నిజానికి వారే చదవాలి. నవల ఓడతో గానీ నక్షత్రాలతో గానీ మొదలుకాదు, నిద్రపోతున్న ఏడుగురి కలలతో మొదలవుతుంది. కలలు కనడమే వృత్తిగా ఉన్న లోకంలో వీళ్లు వృత్తిగా కలలు కనేవాళ్లు కారని చెబుతూ, ఎవరి కల ఎలాంటిదో చెప్పడం ద్వారా రచయిత ఒక్కొక్కరి స్వభావాన్ని మన ముందు పెడతాడు. తెర మీద నిమిషంలో జరిగిపోయే మేలుకొలుపు ఇక్కడ మనుషులతో పరిచయంగా మారుతుంది. మరో తేడా సరుకు విషయంలో ఉంది. సినిమాలో ఓడ లాగుతున్నది 2 కోట్ల టన్నుల ఖనిజం. నవలలో అది ముడి చమురు. ఇంధనం అవసరాలు వేరే మార్గాల్లో తీరిపోయినా ప్లాస్టిక్కుల కోసం భూమికి చమురు కావాల్సి వస్తూనే ఉందని ఫాస్టర్ వివరిస్తాడు. కథకు ఇది అవసరం లేదనిపించవచ్చు గానీ, అంత దూరం నుంచి అంత బరువును ఎందుకు మోసుకెళుతున్నారన్న ప్రశ్నకు జవాబు దొరికాక ఓడ మీద నమ్మకం కుదురుతుంది.

1979లో తెర మీదకు రాని ఒక ఘట్టం కూడా ఈ నవలలో ఉంది. తప్పించుకునే హడావుడిలో ఉన్న కథానాయిక రిప్లీకి, చనిపోయాడనుకున్న కెప్టెన్ డాలస్ ఓడ అడుగు భాగంలో గూడు లాంటి పదార్థంలో ఇరుక్కుపోయి, ప్రాణంతో కనిపించి, తనను చంపేయమని వేడుకుంటాడు. ఈ దృశ్యాన్ని 2003లో విడుదలైన దర్శకుడి కూర్పులో చేర్చారు. నవల పాఠకులకు మాత్రం మొదటి నుంచీ అందుబాటులో ఉంది. జీవి ఆకారాన్ని ఫాస్టర్ చాలా తక్కువగా వర్ణిస్తాడు. సినిమా కోసం చిత్రకారుడు గీగర్ గీసిన రూపాన్ని మాటల్లో చూడాలనుకున్నవారికి అది లోటుగా తోచవచ్చు. నాకు మాత్రం ఆ పొదుపే నచ్చింది, ఎందుకంటే తర్వాత వచ్చిన నవలల్లో తోక, పళ్లు, ఆమ్లరక్తం గురించిన వర్ణనలు పేజీ పేజీకీ తిరిగి వచ్చి, మూడో పుస్తకానికల్లా భయం బదులు విసుగు పుట్టిస్తాయి.

1990ల మొదట్లో స్టీవ్ పెర్రీ రాసిన 'ఎర్త్ హైవ్'ది వేరే కథ. డార్క్ హార్స్ సంస్థ కోసం మార్క్ వెర్హైడెన్ రాసిన కామిక్స్ దీనికి ఆధారం. ఆ కామిక్స్‌లో రెండో సినిమా నుంచి బతికి బయటపడ్డ హిక్స్, న్యూట్ ప్రధాన పాత్రలు. 1992లో వచ్చిన మూడో సినిమా మొదట్లోనే ఆ ఇద్దరినీ చంపేయడంతో నవలలో వారి పేర్లు విల్క్స్, బిల్లీ అయ్యాయి, గతం కూడా కొంత మారింది. ఆ మార్పు తాలూకు అతుకులు చదువుతుంటే కనిపిస్తూనే ఉంటాయి. అయినా ఆస్పత్రి గదిలో పీడకలలతో పెరిగిన బిల్లీ పాత్ర, ఆ జీవిని దైవంగా భావించి తెర మీద ప్రచారం చేసే మతబోధకుడి అధ్యాయాలు ఈ పుస్తకాన్ని నిలబెడతాయి. భూమే ఆక్రమణకు గురయ్యే కథ ఇది. ఇంత పెద్ద ఊహ చేసే ధైర్యం ఆ తర్వాతి నవలల్లో అరుదుగా కనిపించింది. రెండో, మూడో భాగాలు యుద్ధ వర్ణనల్లో పడి కొట్టుకుపోతాయి. మూడింటినీ కలిపిన సంపుటి కొన్నప్పటికీ మొదటి భాగం దగ్గర ఆగవచ్చు.

2014లో వరుసగా వచ్చిన మూడు నవలల గురించి కొంత నిర్మొహమాటంగా చెప్పాలి. టిమ్ లెబ్బన్ రాసిన 'అవుట్ ఆఫ్ ద షాడోస్'లో, మొదటి సినిమా ముగిసిన 37 ఏళ్లకు రిప్లీ నిద్ర లేస్తుంది. ఆమె ప్రాణరక్షక నౌక చేరుకున్నది మారియన్ అనే గనుల ఓడ దగ్గరికి. కింద ఎల్‌వీ-178 గ్రహం మీద ట్రైమోనైట్ అనే అతి కఠినమైన ఖనిజాన్ని తవ్వుతున్నారు. తవ్వకంలో బయటపడ్డ జీవులతో గని నుంచి పైకి వచ్చిన రెండు నౌకల్లో ఒకటి మారియన్‌ను ఢీకొట్టగా, రెండోది తలుపులు మూసుకుని ఓడకు అతుక్కుని ఉండిపోతుంది. దాన్ని తెరవాలా వద్దా అని బయట నిలబడ్డ పనివాళ్లు తర్జనభర్జన పడే మొదటి సగం చాలా బిగువుగా ఉంది. అయితే రెండో సినిమా 'ఏలియన్స్' ప్రకారం రిప్లీ 57 ఏళ్లు ఏమీ ఎరగకుండా నిద్రపోయి తీరాలి. అందువల్ల చివర్లో ఆమె జ్ఞాపకాలను చెరిపివేసి మళ్లీ పడుకోబెట్టడం తప్ప రచయితకు వేరే దారి లేకపోయింది. నవలంతా ఆమె పడిన కష్టం, ఇంజనీర్ హూపర్‌తో ఏర్పడిన అనుబంధం, కూతురు అమాండా గురించిన వేదన ఒక్క అధ్యాయంలో రద్దయిపోతాయి. రిప్లీ లేకుండా హూపర్ కథగా ఇదే రాసి ఉంటే ఎంత బాగుండేదో అని ప్రతిసారీ అనిపిస్తుంది. దీన్ని శబ్దనాటకంగా కూడా రూపొందించారు. అందులో యాష్ పాత్రకు రుట్గర్ హావర్ గొంతు ఇచ్చారు. తొణకని ఆ స్వరం నవలలోని యాష్ కంటే ఎక్కువ వణికిస్తుంది కాబట్టి, ఈ ఒక్క పుస్తకం విషయంలో చదవడం కన్నా వినడమే మేలంటాను.

రెండోదైన జేమ్స్ ఎ. మూర్ నవల 'సీ ఆఫ్ సారోస్' రిప్లీ వంశీకుడి చుట్టూ తిరుగుతుంది. జీవులు ఆ వంశం మీద పగ పట్టాయన్న ఊహను నేను ఎంత ప్రయత్నించినా ఒప్పుకోలేకపోయాను. మూడోది, క్రిస్టఫర్ గోల్డెన్ రాసిన 'రివర్ ఆఫ్ పెయిన్', రెండో సినిమాలోని హ్యాడ్లీస్ హోప్ కాలనీ ఎలా నాశనమైందో చెబుతుంది. న్యూట్ పుట్టుకతో మొదలై, ఆమె తల్లి యాన్, తండ్రి రస్, అన్న టిమ్ ఆ గాలిదుమ్ముల గ్రహం మీద ఎలా సంసారం నెట్టుకొచ్చారో చూపిస్తుంది. ఆ కాలనీలో న్యూట్ తప్ప ఎవరూ మిగలరని మనకు ముందే తెలుసు. ఆ తెలిసిన ముగింపు వల్లే పిల్లల ఆటలు, భార్యాభర్తల చిన్న చిన్న తగవులు, కంపెనీ సర్వేయర్లకు కాపలాగా సైనికులను వాడుకోవడం మీద కొత్త కెప్టెన్ బ్రాకెట్ పడే ఇబ్బంది మనసును పట్టేస్తాయి. మధ్య మధ్యలో సినిమా దృశ్యాలను దాదాపు ఉన్నవున్నట్టు చొప్పించడం మాత్రం అనవసరం. వాటిని నేను దాటవేస్తూనే చదువుతాను.

ఇక ఈ నవలలన్నిటిలో ఒక్కటే చదవగలిగితే ఏది చదవాలంటే, అలెక్స్ వైట్ రాసి 2018లో వచ్చిన 'ద కోల్డ్ ఫోర్జ్' అని తడుముకోకుండా చెబుతాను. రిప్లీ లేదు, సైనికుల బలగం లేదు. ఉన్నది ఒక రహస్య పరిశోధన కేంద్రం, అందులో సినిమాల్లోని అదే కంపెనీ వెయ్‌లాండ్-యుటానీ సొమ్ముతో నడుస్తున్న ప్రాజెక్టులు, వాటి లెక్కలు తేల్చడానికి వచ్చిన డోరియన్ సడ్లర్ అనే ఆడిటర్. బ్లూ మార్సాలిస్ అనే జన్యు శాస్త్రవేత్త మంచం దిగలేని స్థితిలో ఉంటుంది. పుట్టుకతో వచ్చిన వ్యాధి ఆమె కండరాలను, ఊపిరిని తినేస్తున్నది. ఆమె మార్కస్ అనే మరమనిషి శరీరంలోకి దూరం నుంచి ప్రవేశించి, అతని చేతులతో పనిచేస్తుంది, అతని కాళ్లతో నడుస్తుంది.

చింపాంజీలను ఆ జీవి గుడ్ల ముందుకు చేర్చి, జరిగేదంతా కళ్లారా చూసే పనిని ఆమె చేస్తుంది. ఆ దృశ్యాలు చదవడం కష్టం. అంత క్రూరమైన పని చేస్తున్న వ్యక్తి పట్ల సానుభూతి కలగడం ఇంకా కష్టం, కానీ కలుగుతుంది. కారణం, అనుసంధానం తెగిన క్షణంలో ఆమె తిరిగి వచ్చి పడే శరీరం. అప్పటివరకు బరువులెత్తిన చేతులు ఇప్పుడు దుప్పటిని కూడా కదపలేవు. గొంతులో పేరుకున్న దాన్ని ఇంకొకరు తీయాలి. ఆ జీవి నుంచి తన వ్యాధికి మందు దొరుకుతుందన్న ఆశతో కంపెనీ సొమ్మును ఆమె రహస్యంగా దారి మళ్లిస్తున్నది. ఆ రహస్యం పట్టుకోవడానికే డోరియన్ వచ్చాడు. అతను ఒక్కొక్క ఉద్యోగిని పిలిచి మాట్లాడే సన్నివేశాలు ఏ వెంటాడే దృశ్యానికీ తీసిపోవు: మర్యాదగా నవ్వుతాడు, ఒకరి మీద ఒకరికి అనుమానం నాటుతాడు, ఎవరిని తీసేయాలో లెక్కేసుకుంటాడు. జీవులు బయటపడ్డాక అదే మనిషి అదే నిబ్బరంతో ప్రాణాల విషయంలోనూ అదే లెక్క వేస్తాడు, పైగా ఆ జీవుల్లో తనకు సాటి రాగల గుణాన్ని చూసి మురిసిపోతాడు. మార్కస్ ఆసరా పోయి బ్లూ తన సొంత శరీరంతోనే ప్రాణం కాపాడుకోవలసి వచ్చే భాగం ఏ సినిమాకూ సాధ్యం కానిది. ఎందుకంటే ఆమెకు ఒక్క అడుగు దూరం ఎంత దూరమో లోపలి నుంచే తెలియాలి.

స్కాట్ సిగ్లర్ రాసిన 'ఫాలాంక్స్' (2020) మరో దిక్కుకు వెళ్లిన మంచి ప్రయత్నం. అటేజినా గ్రహం మీద తుపాకులు లేవు, అంతరిక్ష నౌకల జ్ఞాపకం కూడా లేదు. ఆ జీవులను రాక్షసులుగా పిలుచుకుంటూ జనం కొండగుహల్లో దాక్కుని బతుకుతారు. అహిలియా అనే యువతి, తన బృందంతో కలిసి ఒక కొండ నుంచి మరో కొండకు సందేశాలూ సరుకులూ చేరవేస్తుంది. కవచాలు, ఈటెలు పట్టుకుని వరుసగా నిలబడటం నేర్చుకునే అధ్యాయాలు కొంచెం సాగినట్టనిపించినా, సినిమాల్లోని కంపెనీల సంగతులేవీ తెలియనివారు కూడా దీన్ని నేరుగా చదువుకోవచ్చు. సినిమాలు చూడని స్నేహితులకు నేను ఇచ్చేది ఈ పుస్తకమే.

తెరకెక్కని విలియం గిబ్సన్ మూడో సినిమా స్క్రిప్టును 2021లో ప్యాట్ కాడిగన్ నవలగా మలిచారు. అది అభిమానులకు ఆసక్తికరం, మిగతావారికి అవసరం లేదు. అదే ఏడాది వచ్చిన అలెక్స్ వైట్ రెండో నవల 'ఇంటు కరిబ్డిస్' మాత్రం 'ద కోల్డ్ ఫోర్జ్' పూర్తి చేసిన వెంటనే మొదలుపెట్టాలి, ముందుగా చదివితే సగం సంగతులు అందవు. మరో గ్రహం మీద ఇరాన్ వారి కొత్త కాలనీలో పర్యావరణ నియంత్రణ వ్యవస్థలు అమర్చడానికి వచ్చిన ఒక చిన్న అమెరికన్ కాంట్రాక్టు సంస్థ పనివాళ్లు ఇందులో ముఖ్యులు. పై స్థాయిలో దేశాలు కొట్లాడుకుంటుంటే బిల్లులు రాక, పని పూర్తికాక, ఇంటికి వెళ్లే దారి లేక చిక్కుకుపోయిన షై హంట్ అనే యువతి వైపు నుంచి కథ ఎక్కువగా నడుస్తుంది. పుస్తకం లావుగా ఉంటుంది, మొదటి వంద పేజీల్లో జీవి జాడ పెద్దగా కనబడదు. ఆ పేజీలను తొందరపడి తిప్పేయకండి. షై తన యజమానితో, సాటి పనివాళ్లతో మాట్లాడే తీరు అక్కడే తెలుస్తుంది, తర్వాత ఎవరు ఎవరి కోసం వెనక్కి తిరిగి వస్తారన్నది దాని మీదే ఆధారపడి ఉంది.